పొరుగువారి విశ్వాసాన్ని మన పిల్లలకు చెప్పేటప్పుడు



ధ్యానభాగం: నిర్గమకాండము 20:16, యోహాను 20:11–18.

వేసవి సెలవుల్లో ఇంటర్, డిగ్రీ చదివే మన యవ్వనస్థులతో కూర్చున్నప్పుడు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. వాళ్ళలో చాలామంది సిస్టర్లు నడిపే బడుల్లో చదివినవారే. "అయ్యగారూ, మా సిస్టరమ్మ అంత పెద్ద బడిని ఒంటిచేత్తో నడుపుతారు. గుడిలో పూజ మాత్రం ఫాదర్‌గారే ఎందుకు చెయ్యాలి? ఆర్‌సీఎంలో ఆడవాళ్ళంటే తక్కువా?" ఈ ఏడాది ఒక అమ్మాయి అలా అడగగానే వెనుకనుంచి ఒక కుర్రాడు "వాళ్ళంతేలే" అన్నాడు. కొందరు నవ్వారు. అమ్మమ్మగారి వైపు అంతా ఆర్‌సీఎం అయిన పిల్ల ఒకతి ఆ వరుసలోనే ఉంది. ఆమె నవ్వలేదు.

పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ కోర్టు బోనుకే పరిమితం కాదు, ప్రియులారా. పొరుగువాడు ఏమి నమ్ముతున్నాడో వంకరగా చెప్పడం కూడా అబద్ధ సాక్ష్యమే. అందుకే ఆ పిల్లలకు ముందుగా ఒక నియమం చెప్పాను. మనం చెప్పేది ఆ పిల్ల అమ్మమ్మగారు విన్నా "అవును నాయనా, మేము నమ్మేది ఇదే" అనేలా ఉండాలి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఆ తర్వాతి సంగతి.

మొదట పురుషుల సంగతి. కతోలిక సంఘంలో ఏడు దివ్యసంస్కారాలున్నాయి. అందులో ఒకటి గురుపట్టాభిషేకం. డీకన్లు, గురువులు, మేత్రానులు అందరూ ఆ పట్టం పొందినవారే. జ్ఞానస్నానం పొందిన పురుషునికే అది ఇస్తారు. దీనికి వాళ్ళు చెప్పే కారణాలు రెండు. యేసు ప్రభువు పన్నెండుమంది అపొస్తలులుగా పురుషులనే ఏర్పరచుకున్నాడు, సంఘం ఆ వరసను మార్చలేదు అనేది ఒకటి. బలిపీఠం దగ్గర గురువు తన పేరున కాక క్రీస్తు స్థానంలో నిలబడతాడు. క్రీస్తు వరుడు, సంఘం వధువు. కాబట్టి ఆ స్థానంలో పురుషుడే ఉండాలనేది రెండవది. 1994లో రెండవ జాన్ పాల్ పోపుగారు స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం సంఘానికి లేదని ఒక లేఖలో స్పష్టం చేశారు. "మాకు ఇష్టం లేదు" అనలేదు, "మాకు ఆ అధికారం లేదు" అన్నారు. ఈ తేడా గమనించాలి.

"మరి పేతురుకు అత్త ఉంది గదా, ఫాదర్లు పెళ్ళెందుకు చేసుకోరు?" అని ఇంకొకడు అడిగాడు. మంచి ప్రశ్నే. అది వాళ్ళకు విశ్వాస సూత్రం కాదు, లాటిన్ ఆచారంలో సంఘం పెట్టుకున్న క్రమశిక్షణ. పోపుగారి కింద ఉన్న తూర్పు సంఘాలు కొన్నింటిలో పెళ్ళయినవారు కూడా గురువులవుతారు.

ఇంకొక మాట. పట్టం పొందని పురుషుడు కూడా ఆ గుడిలో స్త్రీల మాదిరిగానే దివ్యసత్ప్రసాదం అందుకుంటాడు. మగవాడైనంత మాత్రాన ఎవరికీ బలిపీఠం మీద హక్కు లేదు. గురుపట్టం హక్కు కాదు, పిలుపు అని వాళ్ళ బోధ.

ఇక స్త్రీల సంగతి. సృష్టించబడిన వారందరిలో వాళ్ళు అత్యున్నత స్థానం ఇచ్చేది ఒక స్త్రీకి, మరియమ్మకు. ఆ భక్తి విషయంలో మనకు భేదం ఉంది, దాచవలసిన పని లేదు. కానీ స్త్రీ తక్కువ అని నమ్మే సంఘం అలా చేస్తుందా అని ఆలోచించమన్నాను. ప్రాణాపాయ సమయంలో గురువు అందుబాటులో లేకపోతే, స్త్రీ అయినా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. లాటిన్ ఆచారంలో పెళ్ళి సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. గురువు సంఘం తరఫున సాక్షి. 1970లో ఆరవ పాల్ పోపుగారు ఆవిలా తెరేసాను, సియెన్నా కేథరీన్‌ను సంఘ పండితులుగా ప్రకటించారు. కేథరీన్ బట్టలకు రంగులద్దే వాని కూతురు, మఠంలో చేరిన కన్య కూడా కాదు. ఫ్రాన్సులో ఉండిపోయిన పోపుగారిని రోముకు తిరిగి రమ్మని ఉత్తరాలు రాసిన ధైర్యం ఆమెది. 2021లో పూజలో వాక్యం చదివే పఠనకర్త హోదాను స్త్రీలకు కూడా అధికారికంగా తెరిచారు.

మన గుంటూరు సంగతి చెప్పినప్పుడు పిల్లలు నిటారుగా కూర్చున్నారు. 1920లో మేరీ గ్లౌరీ అనే ఆస్ట్రేలియా డాక్టరమ్మ గుంటూరు వచ్చి జేఎంజే సిస్టర్లలో చేరింది. మఠవాసినులు వైద్యం చేయడం ఆనాడు వాడుకలో లేదు. ఆమెకు పోపుగారి ప్రత్యేక అనుమతి అవసరమైంది. 1943లో కతోలిక ఆసుపత్రులను ఒక్కతాటి మీదికి తెచ్చిన సంఘాన్ని స్థాపించింది ఆమే. అదే గుంటూరుకు అంతకు చాలా ముందే, 1883లో, లూథరన్ మిషన్ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ వచ్చింది. ఆమెను వైద్యురాలిగా పంపడానికి మిషన్ వారు మొదట సిద్ధపడలేదు, వేరే పని మీద పంపారు. అయినా ఆమె వైద్యం మానలేదు. 1898లో ఆమె ఆసుపత్రి తెరుచుకుంది. ఒకరు కతోలిక, ఒకరు ప్రొటెస్టెంట్. ఇద్దరి చేతుల్లోనూ దేవుడు వరం పెట్టాడు. ఇద్దరి విషయంలోనూ ఆ వరానికి దారి ఇవ్వడానికి మనుషులకు కొంత సమయం పట్టింది.

ఇప్పుడు మన మాట. మనం వాళ్ళతో ఒప్పుకోని చోటు ఏది? విశ్వాసులందరూ రాజులైన యాజక సమూహమని పేతురు రాశాడు (1 పేతురు 2:9). మనకు ప్రధానయాజకుడు క్రీస్తు ఒక్కడే. సేవకుడు వాక్యపరిచర్య చేసేవాడే గాని బలి అర్పించేవాడు కాడు. కాబట్టి వాళ్ళ రెండవ కారణం మనకు వర్తించదు. అయినా స్త్రీల బోధ విషయంలో 1 తిమోతి 2ను మన సంఘాలన్నీ ఒకేలా చదవడం లేదు. సీఎస్ఐ వారు 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత గారిని బిషప్‌గా అభిషేకించారు. మరికొన్ని సంఘాల్లో స్త్రీ ప్రసంగ వేదిక ఎక్కడానికి కూడా లేదు.

అందుకే ఆ కుర్రాడితో అన్నాను: "'వాళ్ళంతేలే' అనే ముందు మన ఇల్లు చూసుకుందాం బాబూ. ఆదివారం మన గుడిలో ఎక్కువమంది ఎవరు? ఉపవాస ప్రార్థన నడిపేదెవరు? జబ్బు పడ్డ ఇంటికి ముందు వెళ్ళేదెవరు? సంఘ పెద్దల మీటింగులో కూర్చునేదెవరు?" జవాబు వాళ్ళకే తెలుసు. వాళ్ళు కనీసం సిస్టరమ్మకు ఒక పేరు, ఒక పని, ఒక గౌరవం ఇచ్చి నిలబెట్టారు. మన బైబిల్ స్త్రీలు కాలినడకన పల్లె పల్లెకూ సువార్త మోసుకెళ్ళారు. వాళ్ళలో ఎంతమంది పేర్లు మన గుడి శిలాఫలకాల మీద ఉన్నాయి?

తిరిగి లేచిన ప్రభువు మొదట కనబడింది మగ్దలేనే మరియకు. వెళ్ళి నా సహోదరులతో చెప్పమని ఆమెనే పంపాడు. కతోలికులు ఆమెను అపొస్తలులకు అపొస్తలురాలు అంటారు. 2016లో ఆమె దినాన్ని అపొస్తలుల పండుగల స్థాయికి పెంచారు. మనమూ ప్రతి ఈస్టరుకు ఆమె గురించే ప్రసంగిస్తాం. ఆమె తెచ్చిన వార్త మొదట శిష్యులకు వట్టి మాటల్లా తోచిందని లూకా రాశాడు. మన గుడుల్లో ఆ పొరపాటు ఇంకా జరుగుతూనే ఉంది.

తల్లిదండ్రులారా, మీ అమ్మాయికి దేవుడు బోధించే వరం ఇచ్చి ఉంటే సండేస్కూలుతో ఆపకండి. బైబిలు చదువుకు పంపండి. మీ అబ్బాయికి మాత్రం ఒకటి నేర్పండి: పక్క సంఘం గురించి మాట్లాడేటప్పుడు, ఆ సంఘపు అమ్మమ్మ పక్కనే కూర్చుని వింటోందన్నట్టు మాట్లాడమనండి.

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, పొరుగువారి విషయంలో మా నోటికి కావలి ఉంచు. మా కుమారులకు, కుమార్తెలకు నీవిచ్చిన వరాలను మేము పాతిపెట్టకుండా కాపాడు. మరియ తెచ్చిన వార్తను నమ్మే చెవులు మాకు దయచేయి. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.