పాపిట నుంచి పాదాల దాకా

పోయిన సంక్రాంతి సెలవులకి మా అమ్మాయి హాస్టల్ నుంచి వస్తూ ఒక సంచీడు మాసిన బట్టలూ, ఇంకో సంచీడు ఇటుకల్లాంటి పుస్తకాలూ మోసుకొచ్చింది. ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం. సెలవులు అవగానే అనాటమీ పరీక్షట. బట్టలు నాకు అప్పగించి, పుస్తకాలు వాళ్ళ మామ్మ మంచం మీద పరిచేసింది. మా ఇంట్లో ఎండ బాగా పడే గది అదే మరి.

మర్నాడు పొద్దున్న నేను అరిసెల పాకం దగ్గర ఉంటే వచ్చి చెయ్యి పట్టుకు లాగింది.

"అమ్మా, ఓ ఐదు నిమిషాలు బొమ్మలా నిలబడవా?"

"పాకం ముదిరిపోతుందే తల్లీ!"

వింటేనా! పొయ్యి కట్టేసి, నన్ను మామ్మ గదిలోకి తీసుకెళ్ళి నిలబెట్టింది. నిటారుగా నిలబడాలి, ఎదురుగా చూడాలి, పాదాలు ముందుకి ఉండాలి, చేతులు పక్కకి వేలాడాలి, అరచేతులు మాత్రం ముందుకి తిప్పాలి. మా అత్తయ్య గారు నన్ను చూసి, "ఏంటే, మీ అమ్మని చేలో దిష్టిబొమ్మ చేశావు" అని ఒకటే నవ్వు.

దాన్ని అనటామికల్ పొజిషన్ అంటారట. మనిషి ఎలా ఉన్నా, పడుకున్నా, కూర్చున్నా, శీర్షాసనం వేసినా, శరీరం గురించి చెప్పేటప్పుడు మాత్రం ఇలా నిలబడి ఉన్నట్టే అనుకుని చెప్పాలట. లేకపోతే ఒకరు పైన అన్నది ఇంకొకరికి కింద అవుతుంది. కుడి ఎడమలు కూడా చూసేవాళ్ళవి కావు, ఆ శరీరానివే. "అరచేతులు ముందుకెందుకే?" అంటే, అలా ఉంచితేనే ముంజేతిలోని రెండు ఎముకలూ పక్కపక్కన ఉంటాయట, అరచెయ్యి వెనక్కి తిప్పితే ఒకదాని మీదుగా ఇంకోటి అడ్డంగా వస్తుందట. నా చెయ్యి నేనే పట్టుకుని తిప్పి చూసుకున్నాను. నిజంగానే లోపల ఎముక తిరుగుతున్నట్టు తెలుస్తోంది. నలభై ఆరేళ్ళుగా చపాతీలు ఒత్తుతున్న చెయ్యి ఇది, ఎప్పుడూ గమనించలేదు.

ఆ రోజు నుంచీ అది చదవడం, నేను ఒప్పజెప్పించుకోవడం. ఇంగ్లీషు మాటలన్నీ నోట్లో రాళ్ళలా ఉండేవి. సుపీరియర్, ఇన్ఫీరియర్, మీడియల్, లేటరల్, ప్రాక్సిమల్, డిస్టల్. నాకు గుర్తుండాలంటే ఎలా? నా దారిలో నేను గుర్తుపెట్టుకున్నాను. పాపిట, బొట్టు, ముక్కు, బొడ్డు, అన్నీ కలుపుతూ ఒక గీత గీస్తే అది ఒంటికి నడిమి గీత. దానికి దగ్గరగా ఉంటే మీడియల్, దూరంగా జరిగితే లేటరల్. ముక్కుపుడక మీడియల్, జూకాలు లేటరల్. చేతులకీ కాళ్ళకీ మాత్రం ఇంకో లెక్క ఉంది. ఒంటికి అతుక్కున్న చోటికి దగ్గరైతే ప్రాక్సిమల్, దూరమైతే డిస్టల్. అంటే వంకీ ప్రాక్సిమల్, గాజులు డిస్టల్. పట్టీల కన్నా మెట్టెలు డిస్టల్. ముందు వైపు యాంటీరియర్, అక్కడ మంగళసూత్రం. వెనక వైపు పోస్టీరియర్, అక్కడ జడ. మా అమ్మాయి నోరు తెరిచి, "అమ్మా, ఇది మా క్లాసులో చెప్తాను" అంది. సుపైన్, ప్రోన్ అనేవి మాత్రం నేర్చుకోనక్కర్లేకపోయింది. మనకి ముందే ఉన్నాయి కదా, వెల్లకిలా, బోర్లా. పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు పంచిపెట్టేవాళ్ళం మనం!

అసలు మనకి ఎంత మంచి మాటలున్నాయో అప్పుడు తెలిసింది. కణత, దవడ, జబ్బ, ముంజెయ్యి, మణికట్టు, డొక్క, తుంటి, పిక్క, చీలమండ, మడమ. ఉన్నాయి కానీ వాడం. భుజం నుంచి వేలి కొస దాకా అంతా చెయ్యే, తుంటి నుంచి బొటనవేలి దాకా అంతా కాలే. "కాలు నొప్పి" అంటే డాక్టరు ఎక్కడని వెతకాలి? ఇక కడుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆకలేసేది కడుపే, బిడ్డ ఉండేది కడుపే, గ్యాస్ పట్టేదీ కడుపే.

మా అమ్మాయి తెల్లకాగితం మీద కడుపు బొమ్మ గీసి, నిలువుగా రెండు గీతలు, అడ్డంగా రెండు గీతలు కొట్టింది. తొమ్మిది గళ్ళు వచ్చాయి. కుడివైపు పై గడిలో కాలేయం, దాని కింద పిత్తాశయం. కుడివైపు అట్టడుగు గడిలో అపెండిక్స్. పై వరస మధ్య గడిలో జీర్ణాశయం. అడుగు వరస మధ్య గడిలో మూత్రాశయం, ఆడవాళ్ళకైతే దాని వెనక గర్భసంచి. "ఏ గడిలో నొప్పో చెప్తే డాక్టరుకి సగం పని తగ్గుతుందమ్మా" అంది. అపెండిక్స్ నొప్పి చాలామందికి ముందు బొడ్డు చుట్టూ మొదలై తర్వాత కుడివైపు కిందికి దిగుతుందనీ, పిత్తాశయంలో రాళ్ళుంటే కుడి భుజం దాకా నొప్పి పాకవచ్చనీ చెప్పింది. నొప్పి ఎక్కడ ఉందో ఒకటి, ఎటు నడుస్తోందో ఇంకోటి, రెండూ చెప్పాలట.

ఇదంతా మా అత్తయ్య గారు మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటున్నారు. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళుగా నడుం నొప్పి. మావారు రెండుసార్లు బండి మీద తీసుకెళ్ళి చూపించారు. ఎక్స్‌రే తీశారు, వయసు వల్ల అరుగుదల అన్నారు, మాత్రలిచ్చారు. అవి వేసుకుంటే కడుపులో మంట. నేను రోజూ రాత్రి జండూబామ్ రాసి, వేడినీళ్ళ సంచి ఇచ్చేదాన్ని. అంతవరకే నా పని అనుకున్నాను.

మా అమ్మాయికి మనుషుల మీద పాఠం అప్పజెప్పే పిచ్చి కదా. "మామ్మా, నీ నడుం నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించు. చెయ్యంతా పెట్టకూడదు, ఒక్క వేలే" అంది.

ఆవిడ వేలు వెనక్కి పోయింది, నడుం కింద భాగంలో ఆగింది. తర్వాత అక్కడి నుంచి తుంటి మీదుగా ముందుకొచ్చింది, పొత్తికడుపు దాకా వచ్చింది. ఇంకా కిందికి జరగబోయి ఆగిపోయింది. గుమ్మం వైపు చూశారు, మావారు ఉన్నారేమో అని. లేరు.

"కింద" అన్నారు. "కింద బరువు."

నేనూ మా అమ్మాయీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అది లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. నెమ్మదిగా ఒక్కో మాటే బయటికి వచ్చింది. పొద్దున్న లేచినప్పుడు బాగానే ఉంటుంది. పొయ్యి దగ్గర నిలబడినా, బిందె ఎత్తినా సాయంత్రానికి ఏదో జారుతున్నట్టు ఉంటుంది. స్నానం చేస్తుంటే చేతికి ఏదో తగులుతుంది. పడుకుంటే సర్దుకుంటుంది. దగ్గితే బట్ట తడుస్తుంది. రెండేళ్ళ నుంచి కాదు, నాలుగేళ్ళ నుంచి.

"మరి డాక్టరుకి ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"పక్కన కొడుకు కూర్చున్నాడు, ఎదురుగా మగ డాక్టరు. ఆ మాట ఎలా అంటాను అమ్మాయ్? నడుం అన్నాను. అదీ నొప్పే కదా."

నాకేం మాట్లాడాలో తెలియలేదు. ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్ళు. ఆవిడ కాఫీలో ఎంత పంచదారో, ఏ చీరకి ఏ జాకెట్టో నాకు తెలుసు. ఇది తెలియలేదు. ఆవిడ్ని అనడానికి కూడా నాకు నోరు లేదు. పెళ్ళికి ముందు నుంచీ నెలసరి నొప్పి వచ్చిన ప్రతిసారీ నేనూ నడుం నొప్పి అనే చెప్తూ వచ్చాను, మా అమ్మకీ, అత్తయ్యకీ, మావారికీ. మా ఆడవాళ్ళందరికీ నడుం అనేది ఒక దుప్పటి. చెప్పలేనివన్నీ దాని కిందే దాచుకున్నాం.

మా అమ్మాయి పెద్ద డాక్టరులా మాట్లాడలేదు, అది నాకు నచ్చింది. "నాకు పేర్లే తెలుసు మామ్మా, జబ్బులు తెలియవు. లేడీ డాక్టరు దగ్గరికి వెళ్దాం. కానీ ఇప్పుడు నాకు చెప్పినట్టే అక్కడా చెప్పాలి" అంది. పుస్తకం తెరిచి, కటి భాగం బొమ్మ పెట్టుకుని చూపించింది. ముందు మూత్రాశయం, మధ్యలో గర్భసంచి, వెనక మల మార్గం. దారులు కూడా మూడు, మూత్రానికి ఒకటి, బిడ్డకి ఒకటి, మలానికి ఒకటి.

"మూడా?" అన్నారు అత్తయ్య. నలుగుర్ని కన్న మనిషి, నలుగుర్నీ ఇంట్లోనే మంత్రసాని చేతుల మీద కన్న మనిషి. మొదటి రెండూ ఒకటే అనుకున్నారట ఇన్నాళ్ళూ. నేను నవ్వలేదు. నాకూ మొన్నమొన్నటి దాకా గట్టిగా తెలియదు మరి.

కనుమ వెళ్ళిన మూడో రోజు వెళ్ళాం, మేం ముగ్గురమే. మావారిని ఆటో మాట్లాడమన్నాం, అంతే. డాక్టరు గారు "ఏంటమ్మా ఇబ్బంది" అనగానే నేను నోరు తెరవబోయాను. అత్తయ్య నా చెయ్యి నొక్కి ఆపేశారు. ఎక్కడ మొదలవుతుందో, ఎప్పుడు ఎక్కువో, ఎలా పడుకుంటే తగ్గుతుందో వరసగా చెప్పారు. "గర్భసంచి జారినట్టుందండీ" అని తనే అన్నారు. గొంతు కొంచెం వణికింది కానీ మాట పూర్తి చేశారు.

పరీక్ష చేసి డాక్టరు గారు అవునన్నారు. గర్భసంచినీ మూత్రాశయాన్నీ కింద నుంచి పట్టి ఉంచే కండరాలు కాన్పుల వల్లా, బరువులు మోయడం వల్లా, నెలసరి ఆగిపోయాక వచ్చే మార్పుల వల్లా వదులవుతాయట. "నవారు సాగిపోతే మంచం కిందికి దిగినట్టా?" అని అడిగారు అత్తయ్య. "సరిగ్గా అంతే" అన్నారావిడ. మెత్తటి రింగు ఒకటి లోపల అమర్చారు. కొన్ని నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. ఆ కండరాలని బిగించి వదిలే వ్యాయామం నేర్పారు, బరువులు ఎత్తొద్దన్నారు. అవసరమైతే ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామన్నారు. "నాలుగేళ్ళ క్రితం వస్తే వ్యాయామాలతోనే చాలావరకు నెట్టుకొచ్చేవాళ్ళేమో" అని కూడా అన్నారు. ఆ మాట ఆటోలో ఇంటికొచ్చేదాకా నన్ను గుచ్చుతూనే ఉంది.

ఆ రాత్రి మా అమ్మాయికి పాఠం ఒప్పజెప్పించుకుంటూ అడిగాను. "సుపీరియర్ అంటే పైది, ఇన్ఫీరియర్ అంటే కిందది అంటావు. మా చదువుల్లో ఇన్ఫీరియర్ అంటే తక్కువరకం అని చెప్పారే?"

"అది బయట అమ్మా. ఒంట్లో కింద అంటే కింద అనే అర్థం. తక్కువ అని కాదు" అంది పుస్తకంలోంచి తలెత్తకుండానే.

అది పరీక్ష కోసం చెప్పిన జవాబు. నేను మాత్రం చాలాసేపు దాని గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. కింద అని గొంతు తగ్గించి అనడం మనకి ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్పారో కూడా గుర్తులేదు.

మీ ఇంట్లోనూ ఓ అమ్మో అత్తో నడుం నొప్పి అంటూ ఉంటే ఒక పని చెయ్యండి. తలుపు దగ్గరగా వేసి, ఒక్క వేలితో చూపించమనండి. ఆ వేలు ఎక్కడ ఆగిపోతుందో చూడండి. తొందరపెట్టకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పక్కన ఎవరు కూర్చుంటే చెప్పగలరో కూడా ముందే అడగండి. నేను అడగలేదు, అందుకే చెప్తున్నాను.

ఇప్పుడు అత్తయ్య కులాసాగా ఉన్నారు. బిందెలు నేను ఎత్తనివ్వడం లేదు, అందుకు నా మీద కోపం. వ్యాయామం మాత్రం సీరియల్ చూస్తూ చేసేస్తారు, పక్కనున్నవాళ్ళకి తెలియదు కదా. మొన్న మెట్లు దిగుతూ కేకేశారు.

"అమ్మాయ్! మోకాలు పట్టేసింది. కుడిది. లోపలి పక్క. అదేంటే దాని మాట... ఆఁ, మీడియల్!"