మా ఇంట్లో నైలు నది పంచాయితీ

హైస్కూలు పిల్లలున్న ఇళ్ళలో మోడల్ యునైటెడ్ నేషన్స్ గురించి వినే ఉంటారు. పిల్లలు ఒక్కో దేశానికి ప్రతినిధులుగా కూర్చుని, ఐక్యరాజ్య సమితిలో లాగే వాదించుకుని తీర్మానాలు రాస్తారు. ఏ దేశం వస్తుందో మన చేతిలో ఉండదు. ఇక్కడ న్యూజెర్సీలో పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఈసారి ఇథియోపియా వచ్చింది. చర్చించాల్సిన విషయం నైలు నది నీళ్ళు.

నేను పుట్టింది కృష్ణా డెల్టాలో, కాలువ చివర. మావి శివారు భూములు. పైన అందరి పొలాలూ తడిశాకే మాకు నీళ్ళు. నాన్న రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని కాలువగట్టు మీదకి వెళ్ళడం చూస్తూ పెరిగాను. అలాంటిది నా కూతురు ఎగువ దేశం తరఫున మాట్లాడుతుందంటే మనసొప్పలేదు.

"ఈజిప్టు రాలేదా?" అన్నాను.

"రాలేదమ్మా. అందుకే నువ్వు ఈజిప్టు," అంది.

అలా నెల రోజులుగా, గిన్నెలు సర్దేశాక వంటింటి బల్ల దగ్గర మా సభ. "నేను" అనకూడదట, "ఇథియోపియా ప్రతినిధి" అనాలట. ఒక్కొక్కరికీ 90 సెకన్లు.

నా వాదనకి బలం బాగానే ఉంది. ఈజిప్టు తాగేదీ పండించేదీ దాదాపు అంతా నైలు నీళ్ళతోనే. 1959లో సూడాన్‌తో చేసుకున్న ఒప్పందంలో దాని వాటా ఏటా 5,550 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో సుమారు 1,960 టీఎంసీలు. బచావత్ ట్రిబ్యునల్ మూడు రాష్ట్రాలకీ కలిపి పంచిన కృష్ణ నీళ్ళే 2,060 టీఎంసీలు!

"మరి ఆ ఒప్పందంలో ఇథియోపియా ఉందా?" అని తను. లేదు. నైలు నీళ్ళలో ఎక్కువ భాగం పుట్టేది ఇథియోపియా కొండల్లోనే. అక్కడ కోట్లమందికి ఇంకా కరెంటు లేదు. 2011లో మొదలై 2025 సెప్టెంబరులో ప్రారంభమైన రినైసాన్స్ డ్యామ్ కోసం మామూలు జనం బాండ్లు కొన్నారు, ఉద్యోగులు జీతాల్లోంచి ఇచ్చారు. "కరెంటు తీశాక నీళ్ళు కిందికే కదమ్మా వస్తాయి?" అంది. "వానలు లేని ఏడు?" అన్నాను. గొంతు పెరిగింది నాకు. అది ఆటలో కోపం కాదు.

తను ఫోన్ తీసి తాతయ్యకి చేసింది. ఎప్పుడూ "బావున్నా తాతయ్యా"తో ముగించే పిల్ల.

"పైవాళ్ళకి నీళ్ళొద్దా తాతయ్యా?"

"వద్దని ఎవరన్నారమ్మా? వాళ్ళూ రైతులే. ఎప్పుడు వదుల్తారో, ఎన్ని వదుల్తారో ముందే చెబితే చాలు, దాన్నిబట్టి నారు పోసుకుంటాం. కరువొస్తే ఉన్నదాంట్లోనే తలా కాస్త."

ఆ మూడు దేశాల చర్చలు ఏళ్ళ తరబడి తెగనిదీ అక్కడే. కరువు ఏడాదిలో ఎంత వదలాలి, ఆ మాటకి చట్టంలా కట్టుబడాలా అని.

తన తీర్మానంలో నీటి లెక్కలు రోజూ పంచుకోవాలని, గేట్లు ఎత్తే ముందు కబురు చెయ్యాలని రాసుకుంది. "అంకె మాత్రం రాయను. ఇథియోపియా ఒప్పుకోదు," అంది. ఈజిప్టు ప్రతినిధిగా నేనూ సంతకం పెట్టనన్నాను. తాతయ్యతో మాత్రం రోజూ మాట్లాడుతోంది. శివారు అంటే ఏమిటో, వంతు అంటే ఏమిటో అడుగుతోంది.

వచ్చే వారమే కాన్ఫరెన్స్. మీ పిల్లలకి ఏ దేశం వచ్చినా ఎదుటి దేశం కుర్చీలో మీరు కూర్చోండి. ఊళ్ళో పెద్దవాళ్ళకి ఓ ఫోన్ చేయించండి. మన ఇంటి సంగతులు పిల్లలు తమంతట తాము అడిగి వినే రోజులు చాలా తక్కువ.