రోహిణీ కార్తెలో స్వెట్టర్లు సర్దుదాం రండి!

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా! ఆ రోజుల్లో మా ద్వారకా తిరుమలలో మధ్యాహ్నం గుమ్మం దాటాలంటేనే భయం. కొండ మీద చినవెంకన్న దర్శనానికొచ్చిన భక్తులు అరికాళ్లు కాలి నీడకోసం పరుగులు తీస్తూంటారు. అలాంటి ఎండల్లో ఇంటినిండా ఉన్ని స్వెట్టర్లు, మేజోళ్లు, చెవులు మూసే టోపీలు పరుచుకుని కూర్చుంటే ఎవరైనా నవ్వుతారు. అయినా ఈమధ్య ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం, ఎటు చూసినా ఒకటో రెండో ఇళ్లలో ఇదే సందడి. పిల్లలు అమెరికాలో ఉంటున్నారు, వేసవికి అమ్మానాన్నల్ని పిలిపించుకుంటున్నారు, వచ్చినవాళ్లని "అలాస్కా ఓడ" ఎక్కిస్తున్నారు. 2024 జూన్‌లో ఆ భాగ్యం మాకూ కలిగింది. వెళ్లబోయే అక్కచెల్లెళ్లకు పెట్టె సర్దుకోవడంలో పనికొస్తుందని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

అలాస్కా అమెరికాకి వాయవ్య మూలన ఉంది. 1867లో రష్యావాళ్లు 72 లక్షల డాలర్లకు దాన్ని అమెరికాకి అమ్మేశారు. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడికి పెద్ద పెద్ద ఓడలు తిరుగుతాయి. సాధారణంగా ఏడు రాత్రుల ప్రయాణం. సియాటిల్‌లో ఎక్కితే జూనో, స్కాగ్వే, కెచికాన్ లాంటి ఊళ్లు చూసి రావచ్చు. జూన్, జూలైల్లో అక్కడ పగటి వేడి 15 నుంచి 18 డిగ్రీలు, రాత్రి పది దగ్గర. అంటే మన సంక్రాంతి తెల్లవారుజాము చలి వాళ్లకి నడివేసవి మధ్యాహ్నం అన్నమాట!

మా అబ్బాయి టిక్కెట్లు కొనే ముందు మా అత్తగారు అడ్డం తిరిగారు. ఆవిడకి డెబ్భై దాటాయి. పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప కట్టలేదు. "అక్కడ చలికి ప్యాంట్లూ కోట్లూ వేసుకోవాలిట. ఈ వయసులో నాకా వేషాలేమిటే అమ్మాయ్! మీరు వెళ్లిరండి, నేను వాడి ఇంట్లో దీపం పెట్టుకుని కూచుంటా" అన్నారు. ఇది మా ఇంటి మాటే అనుకోకండి. బట్టల దగ్గర మొహమాటపడి మానుకున్న పెద్దవాళ్లు, తీరా ఓడ ఎక్కాక చలికి గదిలోంచి బయటికి రాకుండా కిటికీ అద్దంలోంచి చూసి వచ్చేసినవాళ్లు నాకు తెలుసు. పిల్లలు అంత డబ్బు పోసి తీసుకెళ్లేది మంచం మీద కూర్చోబెట్టడానికా చెప్పండి?

అందుకే నేను ఆవిడతో ఒకటే చెప్పాను, "అత్తయ్యగారూ, మీ చీర మీదే. లోపలా పైనా ఏం వేసుకోవాలో నాకొదిలేయండి" అని. ఎలా కుదిరిందో వినండి.

ముందు చలి ఎక్కణ్ణించి వస్తుందో తెలుసుకోవాలి. పాపికొండలు చూడ్డానికి లాంచీ ఎక్కినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కింద గదిలో బాగానే ఉంటుంది, పై అంతస్తు ఎక్కగానే గాలి చీరని ఎగరేస్తుంది. అలాస్కా ఓడ గంటకి సుమారు 35 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కాబట్టి గాలి లేని రోజున కూడా పైన నిలబడితే స్కూటరు వెనక కూర్చున్నట్టే ఉంటుంది. ఆ గాలికి తడి తోడైతే ఇక వణుకే. గాలి తగలకూడదు, తడి అంటకూడదు, ఒంటి వేడి బయటికి పోకూడదు. ఈ మూడూ చూసుకుంటే చాలు.

దీనికి ఒకే ఒక లావు కోటు కొనడం దండగ. పుష్యమాసంలో పొద్దున్నే కొల్లేటి ఒడ్డున ఆటపాక వెళ్లి చూడండి. గూడబాతులు, కొంగలు ఈకలు ఉబ్బించుకుని బంతుల్లా కూర్చుంటాయి. ఈకల మధ్య చిక్కిన గాలే వాటికి దుప్పటి. మనమూ అంతే. పల్చటివి రెండు మూడు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే మధ్యలో గాలి నిలిచి వెచ్చగా ఉంటుంది. పైగా ఓడ లోపల వెచ్చగానే ఉంటుంది గనక భోజనానికి వచ్చినప్పుడు ఒక్కొక్కటీ తీసేయొచ్చు.

ఇక చీర సంగతి. నూలు చీర మనకి ప్రాణం, ఒప్పుకుంటాను. కానీ అక్కడ నూలు తడిస్తే ఓ పట్టాన ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. దాని బదులు జార్జెట్, క్రేపు చీరలు పెట్టుకోండి. తేలిక, తొందరగా ఆరతాయి, ముడతలు పడవు. ముడతల మాట ఎందుకంటే ఓడలోకి ఇస్త్రీపెట్టె తీసుకెళ్లనివ్వరు. నిప్పు భయం! కొవ్వొత్తులు, అగరొత్తులు, దీపం కుందులో వత్తి వెలిగించడం కూడా కుదరదు. గంజి పెట్టిన చీరలు, పూజ సామాను ఇంట్లోనే ఉంచి, నమస్కారం ఒక్కటి వెంట తీసుకెళ్లండి.

మా అత్తగారికి చేసిన ఏర్పాటు ఇది. లోపల ఒంటికి అంటిపెట్టుకునే థర్మల్స్, అంటే పొడుగు చేతుల బనియను, పైజమా. నూలువి వద్దు, ఉన్నివో సింథటిక్‌వో తీసుకోండి. దానిమీద లంగా, మోచేతులు దాటిన జాకెట్టు, మడమకి పైగా కట్టిన క్రేపు చీర. ఆ పైన ముందువైపు బొత్తాలున్న స్వెట్టరు. బయటికెళ్లేటప్పుడు అన్నిటిపైనా మోకాళ్ల దాకా వచ్చే, తలకి టోపీ ఉన్న వానకోటు. పైట కోటు లోపలికి పోతుంది గనక ఎగరదు. కాళ్లకి ఉన్ని మేజోళ్లు, బూట్లు. అద్దంలో చూసుకుని ఆవిడే నవ్వారు, "లోపల పైజమా ఉన్నట్టు నాకూ దేవుడికే తెలుసు" అని!

ఉన్ని గురించి ఓ మాట. ఏలూరు తివాచీలు ఉన్నితో నేసేవే, దేశదేశాలకీ వెళ్తాయి. మన ఒంటికి మాత్రం ఉన్ని అలవాటు లేదు. ఎండాకాలంలో ఇక్కడి దుకాణాల్లో మంచి స్వెట్టర్లు దొరకడమూ కష్టం. అందుకని చలికాలంలో రోడ్డు పక్కన స్వెట్టర్ల దుకాణాలు వేసినప్పుడే కొని దాచుకోండి. వానకోటు, థర్మల్స్ అక్కడ పిల్లల చేత కొనిపించుకోవచ్చు. బూట్లు మాత్రం ఇక్కడే కొని, నెల్లాళ్లు రోజూ వేసుకుని నడవండి. కొత్త బూట్లు కరిస్తే ఏ ఊరూ చూడలేరు.

వాన కోటు తప్పనిసరి అని ఎందుకంటున్నానంటే, కెచికాన్‌లో ఏడాదికి సుమారు 3,800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన ఏలూరు వైపు వెయ్యికి అటూ ఇటూ. గొడుగు పట్టుకెళ్తే ఓడ మీద గాలికి తిరగబడుతుంది.

అసలు చలి తెలిసేది మంచునదుల దగ్గర. గ్లేసియర్ బే అనే చోటుకి రోజుకి రెండు పెద్ద ఓడల్నే రానిస్తారు. సుమారు 1750 నాటికి ఆ ఖాతమంతా మంచుతో నిండి ఉండేదిట. ఇప్పుడు ఆ మంచు వంద కిలోమీటర్లు వెనక్కి పోయింది. మార్జరీ అనే మంచునది నీటిపైన 250 అడుగుల ఎత్తున గోడలా నిలబడి ఉంటుంది. దాని మీంచి వచ్చే గాలికి ముక్కు కొస మొద్దుబారుతుంది. ఆ రోజున టోపీ, చేతి తొడుగులు, కండువా అన్నీ వేసుకోవాలి. గోడలోంచి మంచుపెళ్ల విరిగి పిడుగు పడ్డట్టు నీళ్లలో పడినప్పుడు మా అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. రెండు గంటలు ఆవిడ కదల్లేదు. లోపలికి రమ్మంటే, "ఉండవే, ఇంకోటి విరిగేట్టుంది" అన్నారు. ప్యాంట్లు వేసుకొచ్చిన మా అబ్బాయే ముందు లోపలికి పరుగెత్తాడు!

వారంలో ఒకటి రెండు రాత్రులు ఓడలో అందరూ ముస్తాబై భోజనానికి వస్తారు. దానికోసం ఒక పట్టుచీర పెట్టుకోండి. పట్టు వెచ్చగానూ ఉంటుంది.

ఇదీ లెక్క, ఒక్కరికి: థర్మల్స్ రెండు జతలు, పల్చటి స్వెట్టరు ఒకటి, మందపాటిది ఒకటి, వానకోటు, శాలువా, సింథటిక్ చీరలు నాలుగు, పట్టుచీర ఒకటి, ఉన్ని మేజోళ్లు ఐదు జతలు, బూట్లు, గదిలోకి చెప్పులు, టోపీ, చేతి తొడుగులు, పిన్నీసులు. పెదాలకి వాజలైన్ మరవకండి. కొబ్బరినూనె గడ్డకట్టేస్తుంది, మూత వెడల్పు సీసాలో పోసుకోండి. ఓడ ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలు వాళ్లు తీసుకుని తర్వాతెప్పుడో గదికి చేరుస్తారు. అందుకని మందులు, పాస్‌పోర్టు, ఒక స్వెట్టరు చేతిసంచీలోనే ఉంచుకోండి. సియాటిల్ ఓడలు మామూలుగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. మన పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి. టిక్కెట్టు కొనకముందే పిల్లలకి గుర్తుచేయండి.

తిరిగొచ్చాక ఉన్నిబట్టలు చన్నీళ్లలో ఉతికి, నీడన పరిచి ఆరేసి, ఎండు వేపాకు వేసి దాచండి. మన ఎండల్లో వీటితో పనేముందని మూల పడేయకండి. వెళ్లబోయే ఇరుగుపొరుగు వాళ్లకి ఇవ్వండి. మా అత్తగారి వానకోటు ఇప్పటికే మా వీధిలో రెండిళ్లు తిరిగింది. పాపం, ఈ వేసవికి మూడో ఆవిడ అడిగి ఉంచారు!