గోతి యంచున కనబడిన బీట

మా బూర్గంపాటి చెంత కిన్నెరసాని గోదావరిలో గలియుచున్నది. వానకాలమున ఇచ్చటి నేలను కొలది లోతు త్రవ్వినంతనే నీరూరును. గత సంవత్సరము తొలకరి దినములలో ఒక యాసామి తన తోటలో ఈతకొలను కట్టింప దొరకొనెను. మా తరగతి బాలుడొకని తండ్రి ఆ పనికి కూలిగా కుదిరెను.

మేము ప్రతిదినము ఆ తోట ప్రక్కగనే బడికి నడచుచుందుము. గొయ్యి నిలువెత్తు దాటెను. దాని ప్రక్కలు ఇంటి గోడలవలె నిట్టనిలువుగా చెక్కబడియుండెను. త్రవ్విన మన్ను అంచుననే గుట్టలుగా పడియుండెను. ఒకనాటి సాయంకాలము అంచునకు మూరెడు దూరమున పొడుగునను సన్నని బీట కనబడగా నిలిచి చూచితిమి. మేస్త్రి యెఱుగనిది మేమేమి యెఱుగుదుమని తలంచి యింటికి వచ్చితిమి. ఆ యుదయముననే నిర్గమకాండము 21వ అధ్యాయమును బాలురకు బోధించియుంటిమి. గొయ్యి త్రవ్వి కప్పనివాడు అందు పడిన యెద్దునకు వెల చెల్లింపవలెనను విధి అందున్నది.

ఆ రాత్రి వాన కురిసెను. మఱునాడు ఆ బీటవెంబడి నేల తెగిపడి, బాలుని తండ్రి నడుమువఱకు పూడిపోయెను. తోటివారు పారలు విడిచి చేతులతోనే మన్ను తోడిరి. త్రాడు కట్టి లాగుదమని యొకడనగా వృద్ధుడొకడు వారించెనట. ఎంత మేలు చేసెను! బిగిసిన మంటిలోనుండి బలిమిని లాగిన కీళ్లు తొలగును. మన్ను ఱొమ్మువఱకు వచ్చియుండినచో, ఊపిరి విడిచినప్పుడెల్ల మఱింత బిగిసి, మరల పీల్చుటకు చోటియ్యకుండెడిది. ప్రాణము దక్కెను గాని కాలు విరిగెను.

పిమ్మట గదా మేము పుస్తకములు వెదకినది! 1.5 మీటర్లకు మించిన కందకములకు పలకలు, దన్నులు పెట్టవలెనని భారతీయ ప్రమాణముల నియమావళి ఐ.ఎస్. 3764 చెప్పుచున్నది. కొలనువంటి వెడల్పాటి గోతికైనచో ప్రక్కలను వాలుగా చెక్కుట సులువు. మన్ను దూరముగా పోయుటకు తట్టమోతయే గాని వేఱు ఖర్చు లేదు. వాన వెలిసిన పిమ్మట అంచులు పరీక్షింపక యెవ్వరిని దింపరాదు. తడిసిన మన్ను బరువెక్కి పట్టు సడలును.

పది దినములకు బాలుడు బడికి వచ్చి, "మాస్టరుగారూ, ఆ మన్ను ఎంత బరువుండునో అడిగి రమ్మని మా నాయన చెప్పినాడు" అనెను. తరగతియంతయు లెక్క కట్టెను. పడిన పెళ్ల పొడవు 4 మీటర్లు, ఎత్తు 2, మందము అర మీటరు. ఘనమీటరునకు 1,500 కిలోగ్రాముల చొప్పున 6,000 కిలోగ్రాములు.

ఆ సాయంకాలము మేమే వారి యింటికి బోయి ఆ లెక్క చెప్పి, బీటను ముందే చూచియు పలుకకుంటిమని యొప్పుకొంటిమి. అతడు కొంతసేపు ఊరకుండి, "మేమును చూచితిమి, మాస్టరుగారూ. పని నిలిపినచో ఆనాటి కూలి యెవ్వరిత్తురు?" అనెను. పని మరల సాగుచున్నదనియు, మన్ను ఇంకను అంచుననే యున్నదనియు అతని భార్య చెప్పెను.

మఱునాడు తెల్లవాఱకమునుపే మేము ఆ తోట వాకిట యాసామికొఱకు నిలిచియుంటిమి.