గంటలో చూసేయొచ్చు

డబ్లిన్‌లో దిగిన మొదటి నెలలోనే ఒక శనివారం వాకింగ్ టూర్‌కి వెళ్ళాను. దానికి టికెట్ లేదు. చివర్లో తోచినంత గైడు చేతిలో పెట్టాలి. ఎడ్యుకేషన్ లోన్ మీద బతుకుతున్న మనిషికి ‘తోచినంత’ అనే మాట చాలా నచ్చుతుంది.

గైడు మా వయసు అమ్మాయే. ఓకానల్ స్ట్రీట్ మధ్యలో మమ్మల్ని ఆపి స్పైర్ చూపించింది. 120 మీటర్ల స్టీలు సూది, 2003లో నిలబెట్టారు. దాని గురించి రెండు ముక్కలు చెప్పేసి, “ఇప్పుడు దీన్ని మర్చిపోండి” అంది. ఇదే చోట ఒకప్పుడు నెల్సన్ స్తంభం ఉండేదట. 1809 నుంచి ఉన్న ఆ స్తంభాన్ని 1966 మార్చిలో ఒక రాత్రి రిపబ్లికన్లు బాంబు పెట్టి పేల్చేశారు. మిగిలిన మొండిని వారం తిరక్కుండా సైన్యం పడగొట్టింది. నెల్సన్ రాతి తల మాత్రం ఇప్పటికీ పియర్స్ స్ట్రీట్ లైబ్రరీలో ఉంది. పది నిమిషాలసేపు ఆ అమ్మాయి చేతులు తిప్పుతూ లేని స్తంభాన్ని కట్టింది, కూల్చింది. ఇరవైమందిమి మెడలెత్తి దాన్నే చూశాం.

మా ఊళ్ళో కూడా అట్లాంటిది ఒకటి పడిపోయిందని ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. అసలు నాకే తట్టలేదు.

మాది శ్రీకాళహస్తి. ఆ తర్వాత రెండేళ్ళకి, ఆఫీసులో నా పక్క సీటు ఐరిష్ అమ్మాయి ఇండియా ట్రిప్ వేసుకుంటూ “మీ ఊరికి ఎన్ని రోజులు పెట్టుకోమంటావ్?” అని అడిగింది. “రోజులెందుకు, ఒక గుడి ఉంది, గంటలో చూసేయొచ్చు” అన్నాను. చాలా మామూలుగా అన్నాను. తను నోట్ చేసుకుంది కూడా. ఒక గంట.

ఆ గంట నేను కనిపెట్టింది కాదు. మా ఊరికొచ్చే జనాల లెక్క అది. తిరుపతి నుంచి నలభై కిలోమీటర్లలోపే. ప్యాకేజీ బండ్లు తిరుమల, తిరుచానూరు అన్నీ తిప్పి చివర్లో ఇక్కడికి తెస్తాయి. కాళహస్తి చూశాక ఇంకో గుడికి పోకూడదు, నేరుగా ఇంటికే పోవాలి అని ఒక నమ్మకం కదా. అందుకని ఎప్పుడూ మేమే ఆఖరు. అప్పటికి జనాలు అలిసిపోయి ఉంటారు, రైలు టైమైపోతుంటుంది. రాహుకేతు పూజ టికెట్టు తీసుకుంటారు, ధరను బట్టి కూచునే మంటపం మారుతుంది. పూజ, దర్శనం, గాలి చొరని గర్భగుడిలో రెపరెపలాడే దీపం, అంతే. బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటారు. ఆ చెప్పుల దగ్గరి నుంచే నేనూ ఊరిని చూశాను పద్దెనిమిదేళ్ళు. ఎందుకంటే మాది టెంకాయలు, పూలు అమ్మే కొట్టు.

పోయిన డిసెంబర్‌లో ఊరికెళ్ళినప్పుడు నాయన్ని అడిగాను. “నాయనా, నేను టూరిస్టు అనుకో. నాకు ఊరు చూపించు.”

“యాడ పుట్టినావో మర్చిపోయినావా మే?” అన్నాడు. కానీ మర్నాడు పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని తయారైనాడు.

మాకిద్దరికీ అప్పటికి సరిగ్గా మాటల్లేవు. ఆ సంగతి చెప్పాలి. మా తాత పెట్టిన కొట్టు గాలిగోపురం దగ్గర ఉండేది. గోపురం పడిపోయాక నాయన దాన్ని వదిలేసి బస్టాండు పక్కకి మార్చినాడు. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం అయింది, జనం మళ్ళీ అటు తిరిగారు, పాత జాగా మళ్ళీ దొరికే వీలుండింది. నాయన పోలేదు. నేను డబ్లిన్ పోయేటప్పుడు లోన్ కాగితాల మీద సంతకం పెడుతున్న మనిషితో “ఆ పొద్దు బద్ధకించకుండా పోయుంటే ఈ అప్పు సగం ఉండేది” అన్నాను. ఆయన సంతకం పూర్తిచేసి పెన్ను మూత పెట్టినాడు. అంతే. ఆ తర్వాత ఫోన్లో తిన్నావా, చలిగా ఉందా, అవే.

ముందు నన్ను గుడికి కాదు, కలంకారీ పనివాళ్ళ దగ్గరికి తీసుకుపోయినాడు. ఒకామె వరండాలో గుడ్డ పరిచి గీస్తా ఉంది. వెదురు పుల్లకి ఉన్ని చుట్టి దారం కట్టిన కలం. ఉన్నిని వేళ్ళతో నొక్కితే ఇంకు దిగుతుంది. గుడ్డని ముందే కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు, రంగు పాకకుండా పాలు ఆపుతాయి. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనపముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు. ఎరుపు రావలసిన చోట పటికనీళ్ళు పూసి ఉడకబెడతారు. ప్రతి రంగుకీ ఒక ఉతుకు. పెడనలో అచ్చులతో అద్దుతారు, ఇక్కడ మొత్తం చేత్తోనే. ఈ పనికే జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీలో టికెట్ కొని, క్యూలో నిలబడి, అద్దం వెనక బుక్ ఆఫ్ కెల్స్ చూశాను. దాదాపు పన్నెండు వందల ఏళ్ళ నాటి పుస్తకం, దూడచర్మం మీద రాసింది. తెరిచిపెట్టిన పేజీ తప్ప మిగతాది కనబడదు. అయినా ఊపిరి బిగబట్టి చూశాను. ఇక్కడ ఒకామె రామాయణం గీస్తా, “టీ తాగుతావా పాపా” అంటోంది. స్కూలుకి పోయే దారి ఇదే. ఆరేళ్ళు దీని ముందర నుంచే సైకిలు తొక్కినాను.

తర్వాత పాతాళ వినాయకుడు. ఇరుకు మెట్లు వంగి దిగాలి, ముప్పై అయిదు అడుగుల లోతంటారు. స్వర్ణముఖి నీటిమట్టం అంత లోతున ఉంటుందని చెప్పుకుంటారు. నాయన మోకాళ్ళ నొప్పి కదా, పైనే ఉండిపోయి “తల భద్రం, తల భద్రం” అని అరుస్తా నిలబడినాడు. ఆ తర్వాత కన్నప్ప కొండ కిందికి పోయి, ఎక్కకుండా, ఇసక తేలిన ఏటిని చూసినాం.

చివరికి గోపురం దగ్గరికొచ్చాం. ఆయనే తెచ్చినాడు, నేను అడగలేదు.

“ఇది 1516లో కృష్ణదేవరాయలు కట్టించినాడు” అని మొదలుపెట్టి ఆగినాడు. “ఇది కాదులే. అది.”

2010 మే 26. నాకు పన్నెండేళ్ళు, వేసవి సెలవులు, అమ్మమ్మ ఊళ్ళో ఉన్నాను. నాకు తెలిసిందంతా టీవీలో చూసిందే. ఎవరూ చనిపోలేదని స్క్రోలింగ్ వస్తే అమ్మ ఏడ్చింది. నాయన అక్కడే ఉన్నాడు.

“చీలిక పెద్దదవతా ఉందని పొద్దున్నించీ అనుకుంటా ఉండారు. చుట్టుపక్కల అందర్నీ లేపేసినారు. నేను కొట్టుకి తాళమేసి బీగం జోబీలో పెట్టుకున్యా, పొద్దున్నే రావాల కదా అని. రాత్రి ఎనిమిది అవతా ఉంది. ముందర సన్నంగా రాళ్ళు రాలినాయి. తర్వాత మొత్తం. సద్దు కన్నా దుమ్ము ఎక్కువ పాపా. దుమ్ము తగ్గినాక పైకి చూస్తే చుక్కలు కనపడినాయి. ఆ జాగాలో చుక్కలు ఎప్పుడూ చూసింది లేదు.”

కొట్టుకి ఏమీ కాలేదు. శుభ్రం చేసుకుని మళ్ళీ తెరిచినాడు. అప్పుడు తెలిసిందట, మధ్యాహ్నం దాటితే గోపురం నీడ కొట్టు మీదికొచ్చేదని. తాత కాలం నుంచీ ఆ నీడలోనే పూలు పెట్టేవాళ్ళు. టైము చూసుకునేదీ దానితోనే. ఇప్పుడు ఎండ నేరుగా లోపలికొచ్చింది, మూడింటికల్లా మూరలు వాడిపోయేవి. “అందుకే మార్చేస్తిని” అన్నాడు.

“కొత్తది కట్టినాక నీడ మళ్ళీ వచ్చింది కదా నాయనా.”

“వచ్చింది. పోయి చూసినా. అదే జాగాలో పడతా ఉంది. బాగా కట్టినారు, పేరు పెట్టేదానికి లేదు. కానీ ఆడ కూచుంటే పైకి చూడకుండా ఉండలేము. చూస్తే పాతదే అనిపిస్తాది. ఒక గడియకి కాదని గుర్తుకొస్తాది. దినానికి నూరుసార్లు ఎందుకా పని?”

నేను ఆ రోజు అన్న ‘బద్ధకం’ అనే మాట మా ఇద్దరికీ గుర్తొచ్చింది అనుకుంటా. ఆయన అటు తిరిగి టెంకాయల బండి వాడితో ధర మాట్లాడటం మొదలుపెట్టినాడు, కొనేది లేకపోయినా. “తప్పుగా మాట్లాడినాను నాయనా” అన్నాను వీపుతో. “ఎండగా ఉంది, పోదాం పా” అన్నాడు.

దారిలో అడిగినాడు. “ఆడ ఆ గైడు పాప ఎంత తీసుకుంటాది?”

“తోచినంత. నేను అయిదు యూరోలిచ్చాను.”

“అంటే?”

“ఐదొందలు.”

“లేని స్తంభం చూపించి ఐదొందలా!” అని నవ్వినాడు. తర్వాత కాసేపు ఏమీ అనలేదు. బస్టాండు దగ్గర కొట్టు తెరుస్తూ “ఇంగా సగం ఊరు ఉంది. భరద్వాజ తీర్థం చూపించలే. రేపు ఎర్లీగా లెయ్” అన్నాడు.

ఆ రాత్రి డబ్లిన్ స్నేహితురాలికి మెసేజ్ పెట్టాను. ఒక గంట కాదు, కనీసం రెండు రోజులు ఉంచుకో. గైడు ఉన్నాడు, తెలుగు తప్ప రాదు, నేను ఇంగ్లీషులో చెప్తాను.