నల్ల పాచి

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. నర్సీపట్నంలో మా వీధికి పొద్దున పోయిన కరెంటు మళ్లీ శనివారం గాని రాలేదు. ఇళ్లూ తోటలూ పోయినవాళ్ల కష్టం ముందు మా ఇంట్లో జరిగింది చాలా చిన్నది. అయినా నన్ను ఇప్పటికీ వదలని సంగతి కనుక చెబుతున్నాను.

మా హాల్లో అక్వేరియం ఉంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు. ఇసుకా రాళ్లూ పోను అరవై లీటర్ల నీళ్లు పడతాయి. వాలిస్నేరియా, జావా ఫెర్న్, రాయికి దారంతో కట్టిన అనూబియాస్ మొక్కలు. గుప్పీలూ టెట్రాలూ కలిపి పద్నాలుగు చేపలు, కొన్ని నత్తలు. అప్పుడు ఏడో తరగతి చదివే మా అమ్మాయి బడినుంచి రాగానే, బ్యాగు భుజాన ఉండగానే చేపల్ని లెక్కపెట్టేది.

ఫిల్టర్ ఆగిన సాయంత్రానికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లలో గాలి చాలడం లేదు. చెంబుతో నీళ్లు తీసి, జానెడు ఎత్తునుంచి మళ్లీ అందులోకే పోయడం మొదలుపెట్టాం. ఒక్కోసారి వంద చెంబులు. పగలు మా ఆవిడా అమ్మాయీ, రాత్రి నేను. కొవ్వొత్తి వెలుగులో, రెండు గంటలకోసారి లేచి. ఆరు రోజుల్లో మూడు చేపలు చనిపోయాయి. పదకొండు నిలిచాయి.

కరెంటు రాగానే ఆనందం కొద్దీ ఫిల్టర్ స్విచ్ వేశాను. అదే మొదటి తప్పు. చెత్తను విరిచే మంచి బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలోనే ఉంటుంది. నీళ్లు కదలక, గాలి అందక అది చచ్చి కుళ్లిపోయింది. గొట్టంలోంచి నల్లటి కంపు నీళ్లు బుడబుడమని ట్యాంకులోకి వచ్చాయి. స్పాంజి విప్పి కడిగాకే స్విచ్ వేయాలని నాకు తెలియదు. చీకట్లో పాలిపోయిన మొక్కలు త్వరగా కోలుకోవాలని ట్యూబ్‌లైటు రోజుకు పన్నెండు గంటలు వెలిగించాను. అది రెండో తప్పు.

దీపావళి వెళ్లి కార్తీకం ముగిసేసరికి అనూబియాస్ ఆకుల అంచున నల్లటి నూగు కనిపించింది. చేత్తో రుద్దితే రాలేదు. పాత టూత్‌బ్రష్‌తో గీకితే ఆకు చిరిగింది గాని అది ఊడలేదు. డిసెంబరు చివరికి ఫెర్న్ మీద, రాయి మీద, ఫిల్టర్ గొట్టం మీద కూడా మేక గడ్డంలా వేలాడుతోంది. ట్యాంకుకి నల్లగుడ్డ కప్పి మూడు రోజులు చీకట్లో ఉంచాను. అద్దానికి పట్టిన పచ్చ పాచి పోయింది. నల్లది చెక్కుచెదరలేదు.

సంక్రాంతికి మా అప్పావాళ్లు వస్తున్నారు. వాళ్లొచ్చేలోగా ట్యాంకు శుభ్రంగా కనబడాలని నా తొందర. చేపలమ్మే ఒకాయన నీలం మందు సీసా ఇచ్చి, "మూడు రోజుల్లో పోద్ది" అన్నాడు. అందులో ఉన్నది మన రైతులు వాడే మైలుతుత్తమే. చెప్పిన చుక్కలకి రెట్టింపు వేసింది మాత్రం నేనే. మర్నాటికి నత్తలన్నీ గుల్లల్లోంచి సగం బయటికి జారి పడున్నాయి. మైలుతుత్తంలోని రాగి నత్తలకి విషం. అవి ఇసుకలో కుళ్లి నీళ్లు చెడిపోయాయి. భోగి రోజు తెల్లారేసరికి తొమ్మిది చేపలు తేలాయి. తుపానుకు పోయినవి మూడు. నా చేతిలో పోయినవి తొమ్మిది.

అమ్మాయి ఏడవలేదు. లెక్కపెట్టడం మానేసింది. బడినుంచి వచ్చి ట్యాంకు పక్కనుంచే, అటు చూడకుండా లోపలికి వెళ్లిపోయేది. అది చూడటం నాకు చాలా కష్టమైంది. నల్ల పాచి మాత్రం అలాగే ఉంది.

నా జిరాక్స్ షాపుకి వచ్చే బోటనీ మాస్టారు ఒకరు ఆ సంగతి విని, ఒక ఆకు తెమ్మన్నారు. గాజు గ్లాసులో సర్జికల్ స్పిరిట్ పోసి ఆ ఆకు ముక్క వేశారు. కాసేపటికి నల్ల నూగు ఎర్రబడింది. "చూశావా బాబూ, ఇది పచ్చ పాచి కాదు. ఎర్ర పాచి జాతి. ఇది ఆకుకి పట్టలేదు, ఆకు నీరసానికి పట్టింది" అన్నారు. లైటు ఎన్ని గంటలు వేస్తున్నావు, మేత ఎంత వేస్తున్నావు, నీళ్లు ఎప్పుడు మారుస్తున్నావు అని అడిగారు. మూడింటికీ సిగ్గుపడుతూనే జవాబు చెప్పాను.

అప్పటినుంచి మందుల జోలికి పోలేదు, ఒక్కటి తప్ప. మెడికల్ షాపులో దొరికే మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. నాలుగు లీటర్లకి ఒక మిల్లీలీటరు దాటకుండా. ఫిల్టర్ ఆపి, సూది తీసేసిన సిరంజితో నీళ్లలోనే పాచి మీద నెమ్మదిగా వదలాలి. సన్నటి బుడగలు సోడా పొంగినట్టు పొంగుతాయి. పది నిమిషాలాగి మళ్లీ ఫిల్టర్ వేయాలి. మూడో రోజుకి ఆ నలుపు గులాబి రంగుకి తిరిగింది. ఆ రంగు చూసిన పొద్దున అద్దం ముందునుంచి లేవలేకపోయాను. చచ్చిన పాచిని తర్వాత తెచ్చిన మోలీలు పీక్కుతిన్నాయి.

మందు కంటే ఎక్కువ పని చేసినవి వేరే. లైటు ఆరు గంటలకి తగ్గించి టైమర్ పెట్టాను. కిటికీ ఎండ పడకుండా పరదా కట్టాను. మేత సగం చేశాను. పాచి బాగా పట్టిన ముసలి ఆకుల్ని మొదలంటా కత్తిరించాను. మంచి ఆకైనా సరే, దానిమీద జాలిపడితే పాచికి నారు పోసినట్టే. మా ఊరి చెరువులోంచి అంతరతామర నాలుగు మొక్కలు తెచ్చి, పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో కడిగి పైన వదిలాను. అవి పాచికి అందాల్సిన ఎరువును తాగేసి పెద్దవయ్యాయి, వారం వారం సగం తీసి పారేసేవాణ్ణి. ప్రతి ఆదివారం మూడోవంతు నీళ్లు మార్చడం, ముందురోజే బకెట్లో పట్టి ఉంచినవి.

దాదాపు తగ్గడానికి జూన్ అయింది. ఆ మేలో ఆంధ్ర అంతా వడగాల్పులకి అల్లాడింది. నీళ్లు వేడెక్కి మళ్లీ చేపలు పైకొస్తే, ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పకుండానే అమ్మాయి లేచి చెంబు తెచ్చుకుంది. పోస్తూ పోస్తూ గొణుక్కుంటోంది. దగ్గరికెళ్లి విన్నాను. లెక్కపెడుతోంది.

ఫిల్టర్ గొట్టం వెనక, వేలు పట్టని సందులో, చిటికెడు నలుపు ఇంకా ఉంది. ఆదివారం బకెట్టు పట్టుకున్నప్పుడల్లా ముందు అదే చూస్తాను.