ప్రాగ్ పట్టణంలో రూకలు మార్చువారు

జాన్ హస్ బోధించిన ప్రాగ్ పట్టణాన్ని చూడాలనే ఆశ మన సంఘాల్లో చాలామందికి ఉంది. వెళ్లేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. చెక్ దేశం 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది గాని యూరోను తన డబ్బుగా తీసుకోలేదు. అక్కడ చెల్లేది కొరూనా. జర్మనీ మీదుగా రైలులో వచ్చిన మా చేతుల్లో ఉన్నవన్నీ యూరోలే.

యూరోలు బొత్తిగా చెల్లవని కాదు. యాత్రికులు తిరిగే వీధుల్లో చాలా కొట్లు యూరో నోట్లు పుచ్చుకుంటాయి. అయితే లెక్క వారిది, చిల్లర కొరూనాల్లో ఇస్తారు. ఈ మధ్య సంవత్సరాల్లో యూరోకు సుమారు 24, 25 కొరూనాలు వస్తుంటే, కొట్టువాడు 22 అంటే 22కే ఒప్పుకోవాలి.

అసలు చిక్కు డబ్బు మార్చే చోట. మాతో ఒక విధవరాలైన సహోదరి వచ్చారు. పాలు అమ్మి కూడబెట్టిన సొమ్ములో ఆమె దగ్గర మిగిలినవి నూరు యూరోలు. ఓల్డ్ టౌన్ స్క్వేర్ దగ్గర ఒక కొట్టులో వాటిని మార్చితే 1,900 కొరూనాలే చేతికొచ్చాయి. బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న ధర, వాళ్లు మనకు యూరోలు అమ్మే ధరట! మన దగ్గర కొనే ధర కింద చిన్న అక్షరాల్లో ఉంది. పాపం, ఆమె ముఖం చూడలేకపోయాము.

అయితే 2019 నుండి అక్కడ మంచి చట్టమొకటి అమలులో ఉంది. వెయ్యి యూరోల లోపు మార్చినవారు మూడు గంటలలోగా రసీదుతో తిరిగి వెళ్లితే, ఆ మార్పిడిని రద్దు చేయాలి. రసీదు ఆమె చీర కొంగున ముడివేసి ఉంది. వెంటనే వెళ్లాము. అతడు సణిగాడు గాని నూరు యూరోలూ తిరిగి ఇచ్చాడు. రెండు వీధుల అవతల వేరొకచోట 2,400 వచ్చాయి. ఆ అయిదు వందలు ఆమెకు రెండు పూటల భోజనం.

వీధిలో నిలబడి మంచి ధర ఇస్తామని పిలిచేవారి దగ్గరకు మాత్రం వెళ్లవద్దు. వేరే దేశపు చెల్లని నోట్లు అంటగడతారు. ఏటీఎం మీ దేశపు డబ్బులో లెక్క కట్టమంటారా అని అడిగితే వద్దని, కొరూనాల్లోనే తీసుకోండి.

హస్ 1402 నుండి చెక్ భాషలో బోధించిన బెత్లెహేము చాపెల్ ఆ చౌకుకు నడిచేంత దూరమే. ఇప్పుడున్నది 1950ల్లో తిరిగి కట్టినది. 1412లో ఈ పట్టణంలోనే డబ్బుకు పాపక్షమాపణ పత్రాలు అమ్ముతుంటే ఆయన ఎదిరించాడు. 1415 జూలై 6న కాన్‌స్టాన్స్‌లో ఆయనను సజీవదహనం చేశారు.

చాపెల్ నుండి వస్తూ రొట్టెలు కొన్నప్పుడు చిల్లరగా 200 కొరూనాల నోటు వచ్చింది. దాని మీద గడ్డపు పెద్దమనిషి యాన్ అమోస్ కొమెన్‌స్కీ. హస్ అనుచరుల నుండి పుట్టిన సహోదరుల సంఘానికి బిషప్పు, విశ్వాసం కోసం దేశం విడిచినవాడు, పిల్లలకు బొమ్మలతో పాఠ్యపుస్తకం రాసినవాడు. నోటు వెనుక పెద్ద చేయి ఒకటి, చిన్న చేయి ఒకటి ఉన్నాయి. మా సహోదరి ఆ నోటును ఖర్చు చేయనివ్వలేదు. సండే స్కూలు పిల్లలకు చూపించాలని బైబిలులో పెట్టుకున్నారు.